వీ, డీఎస్ వై-ఫై కనెక్షన్: మీకు బాగా నచ్చిన ఆన్‌లైన్ గేమ్ ఏది? ఇప్పుడు ఎలా ఆడాలి?

రెండోలాప్
నింటెండో గేమ్ పరికరాలు డీఎస్ (చేతిలో పట్టేది), వీ (టీవీకి పెట్టేది); వీటి ఆన్‌లైన్ సేవ నింటెండో వై-ఫై కనెక్షన్ 2005 నవంబర్‌లో మొదలై 2014 మే 20న ఆగిపోయింది. వెనక నడిచిన గేమ్‌స్పై సర్వర్లే మూతపడటంతో డీఎస్, వీ రెండింటికీ ఒకేరోజు తలుపు మూసుకుంది. ఇప్పుడు మారియో కార్ట్ వీ అసలు డిస్క్ వేసి వరల్డ్‌వైడ్ నొక్కితే వచ్చేది 20110 ఎర్రర్, అంతే. కానీ అభిమానులు నడిపే సర్వర్లు ఉన్నాయి, వాటిలో ఆట నడుస్తోంది.

మీకు నచ్చిన గేమ్ చెప్పండి. పేరు చెప్పి వదిలేయొద్దు. ఆన్‌లైన్‌లో అది ఎందుకు బాగుంటుంది, కొత్తగా వచ్చేవాళ్ళు ఏం నేర్చుకోవాలి, ఎక్కడ దెబ్బ తింటారు అన్నది కూడా రాయండి.

నా ఓటు మారియో కార్ట్ వీకే. 12 మంది, 32 ట్రాక్‌లు, ప్రతి రేసుకీ అందరూ తలా ఒక ట్రాక్ ఎంచుకుంటే వాటిలోంచి ఒకటి చీటీ తీసినట్టు వస్తుంది. మధ్యలో వచ్చినవాళ్ళు నడుస్తున్న రేసుని చూస్తూ కూర్చుని తర్వాతి దాంట్లో చేరతారు. గది ఖాళీ అవ్వదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా జనం దొరకడానికి ఈ చిన్న ఏర్పాటే పెద్ద కారణం అంటాను.

వీలీవీరుడు
మారియో కార్ట్ వీకి నాదీ ఓటే. కొత్తవాళ్ళు మొదట మార్చుకోవాల్సింది ఒకటుంది: ఆటోమేటిక్ డ్రిఫ్ట్ (మలుపులో జారుతూ తిరగడం) ఆపేసి మాన్యువల్ పెట్టండి. ఆటోమేటిక్‌లో మినీ-టర్బో, అంటే డ్రిఫ్ట్ వదలగానే వచ్చే అదనపు వేగం, అసలు రాదు. మూడు లాప్‌లలో ప్రతి మలుపు దగ్గరా ఎంతో కొంత పోతూనే ఉంటుంది.

రెండోది, బైక్ ఎక్కండి. కార్ట్‌లకి డ్రిఫ్ట్‌లో నీలం రవ్వల తర్వాత నారింజ రవ్వలు వస్తాయి, బైక్‌లకి నీలం ఒక్కటే. లెక్కకి కార్ట్ గొప్పగా కనిపిస్తుంది. కానీ తిన్నని దారిలో బైక్ ముందుచక్రం లేపితే (దీన్నే వీలీ అంటారు) వేగం పెరుగుతుంది, ఆ తేడాని కార్ట్ ఏ మలుపులోనూ పూడ్చలేదు. ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా ఫ్లేమ్ రన్నర్ బైక్ మీద ఫంకీ కాంగ్, మాక్ బైక్ మీద డైసీ అనే పాత్రలు కనిపించేది అందుకే. ఫ్లేమ్ రన్నర్ పేరు యూరప్ డిస్క్‌లో బౌజర్ బైక్, వెతుక్కుని కంగారుపడకండి.

వీలీలో ఉన్నప్పుడు బండి సరిగ్గా తిరగదు. పక్కనుంచి ఎవరైనా గుద్దితే చక్రం కిందపడి వేగం ఒక్కసారిగా పోతుంది. అందుకని గుంపులో ఉన్నప్పుడు వీలీ వద్దు, దారి ఖాళీ అయ్యాకే లేపండి. గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌లో డీ-ప్యాడ్ పైకి నొక్కితే చాలు. రిమోట్ అయితే పైకి విదల్చాలి, చెయ్యి అలసిపోతుంది.

మూలమలుపు
ఫంకీ కాంగ్ నుంచే మొదలుపెట్టమనడం కొత్తవాళ్ళకి సరైన సలహా కాదండీ. ఫ్లేమ్ రన్నర్ బయటికి జారుతూ తిరుగుతుంది, మలుపుకి ముందే డ్రిఫ్ట్ మొదలుపెట్టాలి. మాక్ బైక్ లోపలికి కోసుకుంటూ పోతుంది. ట్రాక్ ఇంకా తెలియనివాళ్ళు గోడకి కొట్టుకున్నా త్వరగా కోలుకోగలిగేది దీనితోనే. ట్రాక్‌లు నోటికి వచ్చాక బరువు బండికి మారండి.

వీలీవీరుడు
ఆ మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. ఒక్కటి కలుపుతాను: మాక్ బైక్ అలవాటైన చేతికి బయటి డ్రిఫ్ట్ కొన్నాళ్ళు తప్పుగానే వస్తుంది. మారాలనుకుంటే రేటింగ్ పోని చోట, స్నేహితుల గదిలో మారండి.

పచ్చషెల్
మారియో కార్ట్ వీలో రేటింగ్ గురించి కొత్తవాళ్ళకి: వీఆర్ (ఆన్‌లైన్ రేసుల రేటింగ్ అంకె) 5000 దగ్గర మొదలవుతుంది, అసలు ఆటలో 9999 పైకి పోదు. మీకంటే ఎక్కువ వీఆర్ ఉన్నవాళ్ళని దాటితే ఎక్కువ వస్తుంది, తక్కువ ఉన్నవాళ్ళ చేతిలో ఓడితే ఎక్కువ పోతుంది. కనెక్షన్ తెగినా పోతుంది.

వస్తువుల సంగతి. మొదటి స్థానంలో ఉంటే చేతిలో అరటితొక్కో పచ్చ షెల్లో వెనక పట్టుకునే ఉండండి, పారేయకండి. వెనకనుంచి వచ్చే ఎర్ర షెల్‌ని అదే ఆపుతుంది. బ్లూ షెల్ పడే క్షణంలో పుట్టగొడుగు వాడి తప్పించుకోవచ్చు. తలమీద తిరిగి కిందికి దిగడం మొదలైనప్పుడు నొక్కాలి, తిరుగుతుండగా నొక్కితే పుట్టగొడుగు పోతుంది, దెబ్బా తగులుతుంది. పౌ బ్లాక్ మూడు దెబ్బలు కొడుతుంది. మూడో దెబ్బకి గాలిలో ఉంటే ఏమీ కాదు, నేలమీద ఉంటే కంట్రోలర్ విదిల్చితే గిరగిరా తిరగడం తగ్గుతుంది. తలమీద ఉరుము మబ్బు వస్తే అది ఉన్నంతసేపూ మీ వేగం ఎక్కువే, గడ్డిలోంచి కూడా దూసుకుపోవచ్చు. షార్ట్‌కట్ దగ్గరలో ఉంటే ముందు అది వాడుకుని, పేలేలోపు ఎవరినైనా తాకి అంటగట్టండి.

స్టైలస్‌పిడి
వీ మీదే మాట్లాడుతున్నారు. డీఎస్‌లో మెట్రాయిడ్ ప్రైమ్ హంటర్స్‌ని ఎవరూ తలచుకోలేదేం? 2006 మార్చిలో వచ్చింది. ఆ చేతిలో పట్టే పరికరంలో, నలుగురితో, స్టైలస్‌తో గురిపెట్టి ఆడే షూటర్ అంత చక్కగా కుదిరినది ఇంకోటి లేదు.

ఏడుగురు వేటగాళ్ళు. ఆట అంతా వాళ్ళ తేడాల్లోనే ఉంది. ప్రతి ఒక్కరికీ ఒక ఆయుధంతో ప్రత్యేక అనుబంధం: నోక్సస్ చేతిలో జుడికేటర్ ఛార్జ్ చేసి కొడితే ఎదుటివాడు గడ్డకట్టుకుపోతాడు, సైలక్స్ షాక్ కాయిల్‌తో ఎదుటివాడి శక్తిని తనలోకి లాక్కుంటాడు, స్పైర్ మాగ్మాల్ తగిలితే నిప్పంటుకుంటుంది. ట్రేస్‌కి ఇంపీరియలిస్ట్ అనే దూరపు గురి తుపాకి పట్టుకుని కదలకుండా నిలబడితే చాలు, మాయమైపోతాడు. కొత్తవాళ్ళు ఎక్కువగా చచ్చేది ట్రేస్ చేతిలోనే. వాడి గురికి దొరక్కుండా ఉండాలంటే ఖాళీ మైదానంలో తిన్నగా నడవకండి. గెంతుతూ, మార్ఫ్ బాల్‌లోకి (బంతి రూపంలోకి) వెళ్తూ వస్తూ కదలండి. ఇంపీరియలిస్ట్ ఒక్కో షాట్‌కీ మధ్య ఆగాల్సిందే, మొదటిది తప్పితే ఆ విరామంలోనే మీదపడాలి.

చేతి సంగతి: స్క్రీన్‌ని రెండుసార్లు తడితే గెంతు. ఇది గురి మధ్యలో పొరపాటున పడిపోతూ ఉంటుంది. స్టైలస్‌ని ఎత్తి ఎత్తి పెట్టకుండా, స్క్రీన్ మీద ఆన్చి జరుపుతూ ఉండటం అలవాటు చేసుకోండి. ఈ ఒక్క అలవాటుకే గురి సగం కుదురుతుంది.

రెండోలాప్
వాయిస్ చాట్ కూడా ఉండేది కదా హంటర్స్‌లో?

స్టైలస్‌పిడి
ఉంది. ఫ్రెండ్ కోడ్ (స్నేహితులుగా చేరడానికి వాడే నంబర్) ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళతోనే, అదీ మ్యాచ్‌కి ముందూ తర్వాతా లాబీలో మాత్రమే. ఆట నడుస్తుండగా మాట వినపడదు.

మూలమలుపు
డీఎస్ అన్నారు కాబట్టి మారియో కార్ట్ డీఎస్. నలుగురే, 32లో 20 ట్రాక్‌లే ఆన్‌లైన్‌లో ఉంటాయి, వస్తువుల్ని వెనక పట్టుకుని ఈడ్చుకెళ్ళే వీలు ఆన్‌లైన్‌లో ఉండదు. నాలుగు రేసులు కలిపి ఒక ఫలితం. ఇన్ని కోతలున్నా నాకు ఇదే మేలు. కారణం స్నేకింగ్.

దీంట్లో మినీ-టర్బో సమయంతో రాదు, డ్రిఫ్ట్‌లో ఉండగా డీ-ప్యాడ్‌ని ఎడమకీ కుడికీ ఊపితే వస్తుంది. ఒక ఊపుకి రవ్వలు నీలం, ఇంకో ఊపుకి ఎరుపు, వదిలితే టర్బో. చెయ్యి తిరిగినవాళ్ళు తిన్నని దారిలో కూడా పాములా మెలికలు తిరుగుతూ టర్బో మీద టర్బో తీస్తారు. డ్రై బోన్స్‌కి డ్రై బాంబర్, యోషికి ఎగ్ 1, ఈ రెండు బండ్లూ దీనికి పెట్టింది పేరు. నేర్చుకునేవాళ్ళు ఫిగర్-8 సర్క్యూట్‌లో, టైమ్ ట్రయల్‌లో మొదలుపెట్టండి. దారి వెడల్పు, గోతులు లేవు.

పచ్చషెల్
దాని మూలంగానే చాలామంది ఆ ఆట వదిలేశారు. స్నేకింగ్ రానివాళ్ళు మొదటి లాప్‌లోనే అర ట్రాక్ వెనకబడతారు. నలుగురిలో ఇద్దరు మధ్యలోనే తెంపుకుని వెళ్ళిపోతే మిగిలిన రేసు రేసులా ఉండదు. వీలో ఈ గొడవ లేకుండా మినీ-టర్బోని కాలానికి కట్టేశారు: మలుపులో ఎంతసేపు డ్రిఫ్ట్ పట్టుకుంటే అంత. తిన్నని దారిలో మెలికలు తిరిగితే లాభం లేదు. నాకు అదే న్యాయం అనిపిస్తుంది.

మూలమలుపు
న్యాయమే, కాదనను. కానీ నలుగురికీ స్నేకింగ్ వచ్చిన గదిలో ఒకసారి ఆడి చూడండి పచ్చషెల్ గారూ. వస్తువులకి పెద్దగా పని ఉండదు, వేళ్ళ మీదే పోటీ. ఇలాంటి రేసు ఈ సిరీస్‌లో ఇంకెక్కడా లేదు. కొత్తవాళ్ళకి రాని గదిలో స్నేకింగ్ చెయ్యకపోవడం మర్యాద, అంతవరకు ఒప్పుకుంటాను.

కొత్తకార్ట్
అన్నా, డీఎస్ లైట్ ఉంది, మారియో కార్ట్ డీఎస్ క్యాట్రిడ్జ్ ఉంది. ఇంట్లో వై-ఫై డీఎస్‌కి కనపడనే కనపడట్లేదు. దేన్ని మార్చాలి?

నాట్‌టైప్
కొత్తకార్ట్, ఇది అందరికీ ఎదురయ్యేదే, వరసగా చెప్తాను.

డీఎస్, డీఎస్ లైట్ రెండింటి వై-ఫై 802.11బీ రకం. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, 1 లేదా 2 ఎంబీపీఎస్ వేగంతో మాట్లాడుతుంది. భద్రతలో వెప్ అనే పాత రకం ఒక్కటే తెలుసు, లేదా పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్. తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ2 అర్థం కాదు. కొత్త రౌటర్లు పాత 802.11బీ వేగాల్ని ఆపేసి ఉంచుతాయి, అందుకే డీఎస్ కంటికి నెట్‌వర్కే లేనట్టు ఉంటుంది.

రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరవండి, 2.4లో మాత్రమే. మోడ్ దగ్గర బీ/జీ/ఎన్ కలిసిన మిక్స్‌డ్ పెట్టండి. ఛానెల్ ఆటో వద్దు, 1, 6, 11లో ఏదో ఒకటి. పాస్‌వర్డ్ లేకుండా తెరిచి, మ్యాక్ ఫిల్టర్‌లో డీఎస్ మ్యాక్ (పరికరానికి ఉండే నెట్‌వర్క్ గుర్తింపు) ఒక్కటే అనుమతించండి. ఆ మ్యాక్ డీఎస్‌లోనే, వై-ఫై సెట్టింగ్స్‌లో ఆప్షన్స్ కింద సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో కనిపిస్తుంది. గెస్ట్ నెట్‌వర్క్ నుంచి ఇంట్లోని మిగతా పరికరాలు కనపడకుండా ఐసొలేషన్ ఆన్ చెయ్యండి. మ్యాక్ ఫిల్టర్ గట్టి తాళం కాదు, ఎవరైనా ఆ మ్యాక్‌ని నకలు చెయ్యొచ్చు. అందుకని ఆట అయ్యాక ఆ నెట్‌వర్క్ మూసెయ్యండి. వెప్ పెట్టినా ఇదే మాట, అది నిమిషాల్లో విరిగే తాళం.

రౌటర్ ఒప్పుకోకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌ని 2.4లో, పాస్‌వర్డ్ లేకుండా పెట్టి చూడండి. కొన్ని ఫోన్లు కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. ఫోన్ కూడా 802.11బీ వేగాల్ని వదిలేసి ఉంటే చేసేదేమీ లేదు. అప్పుడు లినక్స్ కంప్యూటర్‌కి యూఎస్‌బీ వై-ఫై డాంగిల్ పెట్టి, హోస్ట్‌ఏపీడీ అనే ప్రోగ్రామ్‌లో బేసిక్ రేట్లు 1, 2 ఎంబీపీఎస్ అని రాసి యాక్సెస్ పాయింట్‌గా నడపడం ఖాయమైన దారి.

కొత్తకార్ట్
గెస్ట్ నెట్‌వర్క్ కనపడింది అన్నా! కనెక్షన్ టెస్ట్ కూడా పాసయింది. ఇక సర్వర్?

నాట్‌టైప్
గేమ్‌లో నింటెండో డబ్ల్యూఎఫ్‌సీ సెట్టింగ్స్, కనెక్షన్ 1. కిందికి వెళ్తే డీఎన్‌ఎస్ (సర్వర్ పేరుకి చిరునామా చూపేది) ఆటో అని ఉంటుంది, దాన్ని నో చెయ్యండి. ప్రైమరీ డీఎన్‌ఎస్‌లో మీరు ఆడదలచిన సర్వర్ వాళ్ళు తమ పేజీలో ఇచ్చిన నంబర్ వెయ్యండి, సెకండరీలోనూ అదే. నంబర్ ఎప్పుడూ ఆ సర్వర్ సొంత పేజీ నుంచే తీసుకోండి, పాత వీడియోల్లోది కాదు. సర్వర్లు చిరునామా మారుస్తుంటాయి. సేవ్ చేసి మళ్ళీ టెస్ట్ చెయ్యండి.

డీఎస్‌కి ఇంతే చాలు, గేమ్‌ని మార్చక్కర్లేదు. కారణం తెలుసుకుంటే మంచిది: సర్వర్ చూపించే సర్టిఫికెట్‌ని ఎవరు సంతకం చేశారో డీఎస్ చూస్తుంది గానీ, ఆ సంతకం చేసినవాళ్ళకి అసలు సంతకం చేసే అధికారం ఉందా అని చూడదు. ఆ సందులోంచే అభిమానుల సర్వర్ లోపలికి వస్తుంది. వీలో ఈ సందు లేదు, అందుకే అక్కడ గేమ్‌ని ప్యాచ్ చెయ్యాలి, అంటే కొంత మార్చాలి.

ఇంకొక జాగ్రత్త: ఫ్రెండ్ కోడ్ 12 అంకెలది, ఆ గేమ్‌కీ ఆ డీఎస్‌కీ కలిపి పుడుతుంది. క్యాట్రిడ్జ్ తీసి ఇంకో డీఎస్‌లో పెట్టి ఆన్‌లైన్‌కి వెళ్ళబోతే, పాత స్నేహితుల జాబితా చెరిపెయ్యాలా అని అడుగుతుంది. చదవకుండా ఎస్ నొక్కొద్దు.

ఎర్రఉత్తరం
వీ సంగతి నేను రాస్తాను. ముందు మీ దగ్గరున్నది వీ మినీ కాదని చూసుకోండి. దానికి ఇంటర్నెట్టే లేదు, ఎస్‌డీ కార్డ్ సందు కూడా లేదు.

మామూలు వీ, సిస్టమ్ మెనూ 4.3 అయితే, బయటి ప్రోగ్రామ్‌లు నడిచేలా వీని తెరిచే లెటర్‌బాంబ్ పద్ధతి తేలిక. కావలసినవి: ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసిన ఎస్‌డీ కార్డ్, వీ మ్యాక్ అడ్రస్. సెట్టింగ్స్, ఇంటర్నెట్, కన్సోల్ ఇన్ఫర్మేషన్‌లో మ్యాక్ ఉంటుంది. లెటర్‌బాంబ్ పేజీలో మీ ప్రాంతం ఎంచుకుని మ్యాక్ వేస్తే జిప్ వస్తుంది. విప్పి, ఫోల్డర్‌ని కాదు, లోపలున్న వాటిని కార్డ్ మూలంలో పెట్టండి. కార్డ్ వీలో పెట్టి మెసేజ్ బోర్డ్ తెరవండి. బాంబు బొమ్మున్న ఎర్ర ఉత్తరం కనిపిస్తుంది, తెరిస్తే ఇన్‌స్టాలర్ మొదలవుతుంది.

ఉత్తరం కనపడలేదని ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఈరోజు పేజీలో లేకపోతే నిన్నటికీ మొన్నటికీ వెళ్ళి చూడండి, వీ గడియారానికీ ఆ పేజీ గడియారానికీ తేడా ఉంటుంది. అక్కడా లేకపోతే మ్యాక్‌లో ఒక అక్షరం తప్పు పడిందేమో, ప్రాంతం తప్పు ఎంచారేమో చూడండి.

ఇన్‌స్టాలర్‌లో హోమ్‌బ్రూ ఛానెల్ (బయటి ప్రోగ్రామ్‌లు నడిపేది), బూట్‌మీ (బ్యాకప్ తీసేది) రెండూ వెయ్యండి. వేసిన వెంటనే, ఇంకేమీ ముట్టుకోకముందే, బూట్‌మీతో నాండ్ (వీ లోపలి మెమరీ) బ్యాకప్ తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. అర జీబీకి పైగా ఉంటుంది, కార్డ్‌లో ఖాళీ చూసుకోండి. ఆ ఫైల్ ఎవరికీ ఇవ్వొద్దు, మీ కన్సోల్ గుర్తింపంతా దాంట్లోనే ఉంది. వీమ్‌ఫై లాంటి అభిమానుల సర్వర్లు మనిషిని గుర్తుపట్టేది దాంతోనే. మీ గుర్తింపుతో ఇంకొకరు మోసం చేస్తే నిషేధం పడేది మీ మీద.

తర్వాత వీమ్‌ఫై ప్యాచర్‌ని కార్డ్‌లో యాప్స్ ఫోల్డర్‌లో పెట్టి, డిస్క్ వేసి, హోమ్‌బ్రూ ఛానెల్ నుంచి నడపండి. అది డిస్క్‌ని ముట్టుకోదు, మెమరీలోకి వచ్చిన ఆటలో పాత సర్వర్ పేరు తీసి కొత్తది పెడుతుంది. అందుకని ఆడిన ప్రతిసారీ ప్యాచర్ మీదుగానే వెళ్ళాలి. డిస్క్ ఛానెల్ నుంచి తిన్నగా వెళ్తే మళ్ళీ 20110.

వీలీవీరుడు
మారియో కార్ట్ వీకి మాత్రం సీటీజీపీ రివల్యూషన్ అనే అభిమానుల మోడ్ వేసుకున్నా సరిపోతుంది, సర్వర్ మార్పు దాంట్లోనే ఉంది. అభిమానులు చేసిన 218 ట్రాక్‌లు అదనం. డిస్క్ ఉండాల్సిందే, ట్రాక్‌లు ఎస్‌డీ కార్డ్ నుంచి వస్తాయి. కార్డ్ నెమ్మదిదైతే రేసు మొదలయ్యేముందు అందరూ మీకోసం ఎదురుచూడాల్సి వస్తుంది, కాస్త మంచి కార్డ్ పెట్టండి.

కొత్తకార్ట్
వీలో ఒక స్నేహితుడికి 86420 ఎర్రర్ వస్తోంది. సర్వర్‌లోకి వెళ్తున్నాడు, గది దొరుకుతోంది, కలవబోయేసరికి తెగిపోతోంది.

నాట్‌టైప్
అది సర్వర్ తప్పు కాదు. ఈ ఆటల్లో సర్వర్ పని మనుషుల్ని కలపడం వరకే. ఆట నడిచేది ఒక కన్సోల్ నుంచి ఇంకో కన్సోల్‌కి, తిన్నగా. 12 మంది గదిలో మీ వీ మిగతా పదకొండుమందితోనూ మాట్లాడగలగాలి. ఒక్కరితో దారి కుదరకపోయినా 86420 పడొచ్చు.

కారణం ఎక్కువగా నాట్, అంటే ఇంట్లోని పరికరాలన్నిటినీ ఒకే బయటి ఐపీ వెనక ఉంచే రౌటర్ పద్ధతి. మీ స్నేహితుణ్ణి ఇలా చూడమనండి: వీకి రౌటర్‌లో స్థిరమైన ఐపీ ఇచ్చి, రౌటర్ డీఎంజెడ్‌లో (బయటినుంచి వచ్చేది ఒక పరికరానికే పంపే అమరిక) ఆ ఐపీ ఒక్కటే పెట్టాలి. తగ్గకపోతే రౌటర్ మీద కనిపించే బయటి ఐపీ, ఇంటర్నెట్‌లో చూస్తే కనిపించే ఐపీ ఒకటేనా పోల్చాలి. వేరుగా ఉంటే ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళ దగ్గరే ఇంకో నాట్ ఉందన్నమాట, ఇంట్లో ఏం మార్చినా పని చెయ్యదు. సొంత పబ్లిక్ ఐపీ అడగాలి.

51330 వస్తే కథ వేరు, అది పాస్‌వర్డ్ లేదా భద్రత రకం కుదరకపోవడం. వీకి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ వరకూ వచ్చు, డబ్ల్యూపీఏ3 రాదు. వీలైతే వైరే వాడండి: యూఎస్‌బీ లాన్ అడాప్టర్‌లో ఏఎక్స్88772 చిప్ ఉన్నది కొనాలి, వేరే చిప్‌లని వీ గుర్తించదు.

స్టైలస్‌పిడి
నాట్‌టైప్ గారు చెప్పిన ఈ కన్సోల్-నుంచి-కన్సోల్ సంగతే ఏ ఆట ఆన్‌లైన్‌లో బతికింది, ఏది బతకలేదు అన్నదానికి జవాబు కూడా. కార్ట్ రేసులో మీ బండి మీ దగ్గరే నడుస్తుంది, మీరు నొక్కినది వెంటనే పలుకుతుంది. ఎదుటివాళ్ళు కొంచెం పాత చోట కనిపిస్తారు, అంతే, ఆట చెడదు. స్మాష్ బ్రదర్స్ బ్రాల్ అనే ఫైటింగ్ గేమ్‌లో అలా కుదరదు. నలుగురి బటన్లూ ఒకచోట చేరాకే దెబ్బ పడాలి, అందుకని నొక్కిన ప్రతిదీ ఆలస్యంగా వస్తుంది. పక్కన కూర్చుని ఆడితే ఎంత గొప్ప ఆటో, దూరంనుంచి అంత బరువు. దగ్గర్లో ఉన్న, వైర్‌తో ఆడే స్నేహితుడితో ఇద్దరే అయితే పర్వాలేదు.

పచ్చషెల్
టెట్రిస్ డీఎస్ కూడా ఇందుకే బాగుంటుంది. ఎవరి గుంట వాళ్ళది, ఎదుటివాడి నుంచి వచ్చేది చెత్త వరసలే. అర సెకను ఆలస్యమైనా తెలియదు. ఒక్క లోపం ఏమిటంటే, కింద ఆనిన ముక్కని తిప్పుతూ ఉంటే అది ఎప్పటికీ స్థిరపడదు. ఆలోచించుకోవడానికి అంతులేని సమయం దొరుకుతుంది. కానీ ఇద్దరి పోటీలో తిప్పుతూ కూర్చున్నవాడి మీదకి చెత్త వచ్చి పడుతూనే ఉంటుంది కాబట్టి వేగానిదే పైచేయి.

మూలమలుపు
వేగం అక్కర్లేని ఆటల్లో పోకెమాన్ డైమండ్, పెర్ల్ నుంచి బ్లాక్ 2, వైట్ 2 దాకా జీటీఎస్ (ఆన్‌లైన్‌లో పోకెమాన్‌లు మార్చుకునే చోటు) మార్పిడి అభిమానుల సర్వర్‌లో మళ్ళీ నడుస్తోంది. డీఎన్‌ఎస్ పద్ధతి పైదే. బ్లాక్, వైట్‌లు డీఎస్‌ఐ (డీఎస్ లైట్ తర్వాతి మోడల్) కోసం కూడా చేసినవి. డీఎస్‌ఐలో అడ్వాన్స్‌డ్ సెటప్‌లోని కనెక్షన్ 4, 5, 6లో పెడితే డబ్ల్యూపీఏ2తోనే వెళ్తాయి, ఓపెన్ నెట్‌వర్క్ తిప్పలు లేవు. డైమండ్, పెర్ల్‌లకి మాత్రం డీఎస్‌ఐలో పెట్టినా వెప్ లేదా ఓపెనే.

ఎర్రఉత్తరం
మాన్‌స్టర్ హంటర్ ట్రై పేరు కూడా ఉండాలి ఇక్కడ. దాని సర్వర్లు నింటెండోవి కావు, క్యాప్‌కామ్ సొంతవి. అమెరికా, యూరప్‌లలో 2013 ఏప్రిల్ 30నే మూసేశారు, అంటే మిగతావాటికంటే ఏడాది ముందే. లాక్ లాక్ నగరంలో గుమిగూడి నలుగురు నలుగురుగా వేటకి బయల్దేరడం వీలో ఇంకే ఆటకీ లేని అందం.

కొత్తకార్ట్
డీఎన్‌ఎస్ మార్చాను, మారియో కార్ట్ డీఎస్‌లో లోపలికి వెళ్ళాను! గదిలో ఇద్దరు వెంటనే దొరికారు. ఇద్దరూ పాములే. మూలమలుపు గారూ, ఫిగర్-8లో సాధన చేసేటప్పుడు ఊపుకీ ఊపుకీ మధ్య బండి గడ్డిలోకి పోతోంది. ఏం చెయ్యాలి?

మూలమలుపు
డ్రిఫ్ట్ మరీ ఆలస్యంగా వదులుతున్నారు. రవ్వలు ఎర్రబడగానే ఆర్ బటన్ వదిలెయ్యండి, టర్బో ఉండగానే రెండోవైపుకి గెంతి డ్రిఫ్ట్ మొదలుపెట్టండి. ముందు డ్రై బాంబర్ వద్దు. వేగం తక్కువున్న బండి తీసుకుని, దారి అంచుల్ని తాకకుండా మూడు లాప్‌లు పూర్తయ్యేదాకా ఆడండి. గడ్డి అంటకుండా మూడూ వచ్చాక బండి మార్చి, ఫ్రెండ్ కోడ్ ఇక్కడ కాదు, ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి. కలిసి ఆడదాం.